ఒత్తులు లేని దయ్యాలు

పెట్టె అంచు మోకాలికి తగులుతోంది, బస్సు గుంటలో దిగిన ప్రతిసారీ సరిగ్గా అదే చోట, జరుపుదామంటే చోటు లేదు, పక్కన కోళ్ళ గంప, ముందు ఎవరిదో యూరియా బస్తా. చర్లలో ఎక్కేటప్పుడు కండక్టర్ సమ్మయ్య టాపు మీద వేస్తానన్నాడు, వాన పడుతోంది, లోపల కాగితాలున్నాయి, వద్దన్నాను. "ఏం కాగితాలు సార్, పరీక్షలయా?" అన్నాడు. అవునన్నాను. ఈ అయిదు నెలలుగా ఎవరు ఏమడిగినా ముందు నోటికి వచ్చేది అదే, అవుననేస్తే మాట అక్కడితో ఆగుతుంది. పరీక్ష కాగితాలు కావు. దయ్యాల పుస్తకాలు. దయ్యాలవి నూట పద్నాలుగు, యుద్ధం సిపాయిలవి ఎనభై ఆరో ఎనభై ఏడో, అన్నీ ఇంగ్లీషువి, అన్నీ బొమ్మల కథలు, అమెరికాలో యాభై ఏళ్ళ కిందట అచ్చయినవి, మా ఇన్నమ్మవి. ఇన్నమ్మ నా భార్య, అన్న తరవాత క్రియ ఏ కాలంలో పెట్టాలో నాకింకా తేలలేదు. ఇరవై రెండేళ్ళుగా పిల్లలకు కాలాలు చెబుతున్నవాణ్ణి. మూడున్నరకు భద్రాచలం బస్టాండుకు మురళీకృష్ణ అనే ఆయన సత్తుపల్లి నుంచి వస్తాడు, పెట్టె ఆయనకు ఇచ్చేస్తాను, తిరుగు బస్సులో మోకాలికి ఏమీ తగలదు. అంతవరకూ ఆలోచించాను. ఆ తరవాత ఆలోచించడానికి ఓపిక లేదు.

కిటికీ రేకు పైకి లేవదు, సందులోంచి చినుకులు, అవతల టేకు చెట్లు, మధ్యలో పోడు కొట్టిన మెరక, జొన్న మోకాలెత్తు లేచింది, ఏప్రిల్‌లో ఇదంతా ఎర్రగా ఎండి ఉండేది. ఏప్రిల్‌లో ఈ రోడ్డు మీదే ఆమెను జీపులో భద్రాచలం ఆసుపత్రికి తీసుకుపోయారు. నేను లేను. ఖమ్మంలో ఉన్నాను, పదో తరగతి పేపర్లు దిద్దుతూ. జీపు మా పక్కింటి హాతీరాంది, నన్ను చూస్తే ఇప్పటికీ తప్పు తనదన్నట్టు తల వంచుకుంటాడు. "దుమ్ముగూడెం కాడ నీళ్ళడిగింది సార్, తాగింది గూడ. భద్రాచలం గుడి గోపురం కనబడ్డంక ఎనకకు తిరిగి చూస్తే..." అని ఆగిపోయాడు. ఎక్కడ అని మూడుసార్లు అడిగాను, కిలోమీటరు రాయి నంబరు చెప్పగలడేమోనని. చెప్పలేకపోయాడు. దుమ్ముగూడేనికీ గోపురానికీ మధ్య పాతిక కిలోమీటర్లు ఉంటుంది, పాతిక కిలోమీటర్లలో ఎక్కడో ఒకచోట, అందుకని దుమ్ముగూడెం దాటాక ఏ కల్వర్టునూ ఊరికే దాటనివ్వలేను, ఇదా, కాదు, అదా, ఆ విప్పచెట్టు దగ్గరా. అంతకు ముందురోజు ఫోన్ చేసింది, చర్ల ఎస్టీడీ బూతు నుంచి. జరంత జ్వరమున్నట్టుంది సారూ అంది. నన్ను సారూ అనేది, పెళ్ళయిన నాటి నుంచీ, మొదట వేళాకోళంగా, తరవాత అదే అలవాటై. మాత్ర వేసుకో, ఇంకా రెండు కట్టలున్నాయి, ఎల్లుండి వచ్చేస్తా అన్నాను. అన్నం తిన్నవా అంది. తిన్నా, తిన్నా, అన్నాను, రెండుసార్లు, ఫోన్ పెట్టేయాలని అన్నప్పుడు అనేటట్టు. తినలేదు ఆ రోజు. క్యాంపులో భోజనం అయిపోయింది, బయటికి వెళ్ళడానికి బద్ధకమేసి బన్ను తిని పడుకున్నాను. ఎంత చిన్న అబద్ధం. పేపర్లో వస్తే అరమార్కు కూడా తగ్గించను.

బస్సు ఆగింది, వాగు మీద నీళ్ళు, డ్రైవరు దిగి చూసి ఎక్కాడు, పోతది పోతది అంటున్నారు వెనక నుంచి. కాగితం మిల్లు ముందు కూడా వానాకాలం ఇలాగే నీళ్ళు నిలిచేవి. భద్రాచలం నుంచి నది దాటితే మిల్లు, పెళ్ళయిన కొత్తలో అక్కడే కిరాయి ఇంట్లో ఉన్నాం, ఆమె పాతకాగితం యార్డులో ఏరే పని చేసేది. విదేశాల నుంచి చెత్తకాగితం వచ్చేది, ఇనప పట్టీలు వేసి బిగించిన కట్టలు, ఒక్కొక్కటి గది అంత. పట్టీ కోసి, ప్లాస్టిక్ ఒక పక్కకు, అట్ట ఒక పక్కకు, పదిమంది ఆడవాళ్ళు, ముక్కులకు కొంగులు. మొదటి పుస్తకం ఆమెకు దొరికింది మా పెళ్ళయిన ఏడాదికి. అట్ట పైభాగం చింపేసి ఉంది, అమ్ముడుపోనివి అలా చింపి పంపుతారట. లోపల సమాధి పగలగొట్టుకుని చెయ్యి బయటికొస్తోంది. ఆమె భయపడలేదు. "చెయి మంచిగేసిండు, గోర్లల్ల మట్టి గూడ ఉంది" అంది. సూపర్వైజర్ మంచివాడు, తీసుకుపోవచ్చు కానీ గేటు దగ్గర తూకం తప్పకూడదన్నాడు, ఎంత కాగితం బయటికి పోతే అంత లోపలికి రావాలి. అందుకని ఆమె మా ఇంట్లో నుంచి పాత నోటు పుస్తకాలు పట్టుకుపోయేది, నేను దిద్దినవి, పిల్లలు తీసుకోకుండా వదిలేసినవి. ఒక నోటు పుస్తకం లోపలికి, ఒక దయ్యం బయటికి. పదహారేళ్ళు అలా నడిచింది. నేను దిద్దిన తప్పులన్నీ మిల్లులో నాని, ఉడికి, మళ్ళీ తెల్ల కాగితమైపోయాయి, ఇంట్లో రేకు పెట్టె నిండింది. దయ్యాలవి ఒక కట్ట, సిపాయిలవి ఒక కట్ట, మధ్యన ఎండిన వేపాకు, పాత చీర అంచుతో ముడి.

చదివి చెప్పమనేది. "జర చదివి చెప్పరాదు సారూ, గీడు ఎందుకు చంపిండు గామెను?" నేను తెలుగుతో పాటు ఇంగ్లీషూ చెప్పేవాణ్ణి కదా. కానీ అది నాకు తెలిసిన ఇంగ్లీషు కాదు. సగం మాటలు మింగేసి ఉంటాయి, సిపాయిలు తిట్టుకునే తిట్లు ఏ నిఘంటువులోనూ లేవు, తెలియదని చెప్పడానికి నామోషీ. వాడు చచ్చాడు, లేచి వచ్చాడు, చంపినవాణ్ణి చంపాడు, అని మూడు వాక్యాల్లో చెప్పేసేవాణ్ణి. సిపాయిలదైతే, యుద్ధం జరిగింది, కొందరు పోయారు, మనవాళ్ళు గెలిచారు. మనవాళ్ళెవరు అని ఒకసారి అడిగింది. పేజీ తిప్పేశాను. "నీ కథలన్నీ ఒక్క తీరుగనే ఉంటయేంది, దయ్యాలు మారినా కత మారదా?" అని నవ్వింది. తరవాత తరవాత అడగడం మానేసింది. అడగడం మానేసినప్పుడు హాయిగా అనిపించింది, అది దాచి లాభం లేదు.

ఇంకొకటి కూడా మానేసింది. సరుకుల చీటీ రాయడం. ఏడో తరగతి చదివింది, అక్షరాలు గుండ్రంగా ఉండేవి, ఒత్తులు మాత్రం పెట్టదు. కందిపపు, చకెర, బియం. ఒకరోజు చేతిలో ఎర్ర పెన్ను ఉంది, నోటు పుస్తకాలు దిద్దుతున్నాను, చీటీ తెచ్చి ముందు పెట్టింది, అదే చేత్తో దిద్దేశాను, పప్పు కింద ప ఒత్తు, చక్కెరకు క ఒత్తు, బియ్యానికి య ఒత్తు, చివర పదికి మూడు అని కూడా వేశాను, సరదాకు. ఆమె చూసింది. "మూడేనా సారూ? ఫెయిలేనా నేను?" అని నవ్వింది. ఆ తరవాత ఎన్నడూ చీటీ రాయలేదు, నోటితో చెప్పేది, ఉప్పు, సబ్బు, కిరసనాయిలు, నేనే గుర్తుపెట్టుకునేవాణ్ణి. రాయడం మరిచిపోయిందేమో అనుకున్నాను. చర్లకు బదిలీ అయ్యాక మిల్లు పని పోయింది, కొత్త పుస్తకాలు రావడం ఆగిపోయింది, ఆమె పెట్టె మాత్రం తీస్తూ ఉండేది, మధ్యాహ్నాలు, నేను బళ్ళో ఉన్నప్పుడు. వచ్చేసరికి మూసి ఉండేది.

ఇన్నమ్మ పోయాక మా చెల్లెలు స్తుతి తల్లాడ నుంచి వచ్చి నెల ఉంది. ప్రార్థనకు వచ్చిన ఆడవాళ్ళ ముందే పెట్టె తెరిచింది, పైన ఉన్న పుర్రె చూసి మూసింది. "అన్నా, గివ్వి ఇంట్ల పెట్టుకొని పండుకున్నరా మీరు? పదారేండ్లు? ఇగ వదినెకు గట్ల గాకుంటే ఎట్లయితది? తగలబెట్టు." ఇన్నమ్మది ఆర్.సి.ఎం., కేథలిక్ చర్చి, మాది వేరే సంఘం, స్తుతి మనసులో ఆ లెక్క కూడా ఎక్కడో ఉంది. పెట్టె మూత లోపల ఒక కార్డు దోపి ఉంది, మురళీకృష్ణ, పాత కామిక్స్ సేకరణ, సత్తుపల్లి, ఫోన్ నంబరు. ఎప్పుడో మిల్లు యార్డుకు వచ్చి అడిగి ఉంటాడు. కాల్చడం కంటే ఇవ్వడం నయం. ఫోన్ చేస్తే, "నిజంగానా మాస్టారూ? అన్ని ఉన్నాయా? అవి మిగలడమే గొప్పండీ, పిల్లలు పాడైపోతారని అమెరికాలో చర్చీలవాళ్ళూ బళ్ళవాళ్ళూ కుప్పలు పోసి కాల్పించారు అప్పట్లో" అన్నాడు. అక్కడా ఒక స్తుతి ఉండేదన్నమాట. తరవాత అడిగాడు, "పుస్తకాల మీద రాతలూ గీతలూ ఏమీ లేవు కదా?" లేవు అన్నాను. ఎవరూ రాయలేదన్నాను. మా ఇంట్లో రాసేవాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నాను.

"దిగుండ్రి, దిగుండ్రి, సామాన్లతోని దిగాలె." పోలీసు క్యాంపు. ఇసక బస్తాలు, పైన టార్పాలిన్, వాన. అందరం వరసలో నిలబడ్డాం, కోళ్ళు కూడా. కానిస్టేబుల్ కుర్రవాడే, చొక్కా మీద తుల్సీరాం అని పేరు, చెవి దగ్గర చిన్న మచ్చ. పెట్టె తెరవమన్నాడు. టార్పాలిన్ కిందికి లాగి ముడి విప్పాను. పైన సిపాయిల కట్ట, అట్ట మీద తుపాకులు, మంటలు, నోరు తెరిచి అరుస్తున్న మనిషి. అతని ముఖం మారింది. "ఏంది సార్ ఇవి?" బొమ్మల పుస్తకాలు, పాతవి అన్నాను. "తుపాకుల బొమ్మలా? ఎవరికి తీస్కపోతున్నరు? ఎవరిచ్చిన్రు?" వెనక ఎవరో దగ్గారు, సమ్మయ్య, "మా సార్ అన్నా, చర్ల హైస్కూల్ సార్" అన్నాడు, "నువ్వు చుప్ ఉండు" అన్నాడు అతను. ఒక పుస్తకం తీసి విప్పాడు. నాకు భయం వేయలేదు, నిలబడి కాళ్ళు నొప్పి పుట్టాయి, అంతే, తొందరగా చూసేస్తే బాగుండును అనుకున్నాను. అతను ఒక పేజీ దగ్గర ఆగి పెదవులు కదిలిస్తున్నాడు. "మలయ... బావ... నా బీడి కట... ఏడ పెటి... ఏంది సార్ ఇది, ఏం భాష? కోడా?" అని అడిగాడు. ఏదీ, అని తొంగి చూశాను. మనుషుల నోళ్ళ పక్కన మాటలుండే తెల్లని బుడగలు ఉంటాయి కదా, ఆ బుడగల్లో ఇంగ్లీషు కనబడటం లేదు. దాని మీద సన్నని కాగితం ముక్క అతికించి ఉంది, ముక్క మీద పెన్సిలుతో గుండ్రటి అక్షరాలు. నాకు ఒక క్షణం చదవడం రాలేదు. తరవాత వచ్చింది.

"తెలుగే," అన్నాను. "ఒత్తులు లేవు. నువ్వు పెట్టుకొని చదవాలె."

అతను మళ్ళీ మొదలుపెట్టాడు, ఈసారి గట్టిగా. "మల్లయ్య బావా, నా బీడికట్ట ఏడ పెట్టినవ్?" పక్క బుడగ, "నీ నోట్లనే ఉంది గద, కండ్లు కనబడతలేవా?" కందకంలో బురదలో కూర్చున్న ఇద్దరు తెల్ల సిపాయిలు, నెత్తిన ఇనప టోపీలు, చుట్టూ బాంబులు. వరసలో ముందున్న ముసలమ్మ కిసుక్కుమంది. తుల్సీరాం పేజీ తిప్పాడు. "వాన నిలబడితే నాటేసుకుందుము బావా. ఏడ నాటేస్తవ్ రా, అంతా గుండ్లాయె." బస్తాల వెనక నుంచి ఇంకో కానిస్టేబుల్ వచ్చాడు, "ఏందిరా చదువుతున్నవ్?" "ఆగన్నా, మంచిగుంది." తుపాకీ భుజానికి జరుపుకొని రెండు చేతులతో పట్టుకున్నాడు పుస్తకాన్ని. నేను ఇన్నమ్మ గొంతు వింటున్నాను. అయిదు నెలల తరవాత, ఒక పోలీసు నోట్లో నుంచి, వానలో, చర్ల రోడ్డు మీద. "మా ఇంటిది నిద్రల కనబడ్డది బావా. ఏమన్నదిరా? ఏమనలే, మూట గట్టుకొని ఎల్లిపోయింది." అక్కడ అతను ఆగాడు. "ఎవరు రాసిన్రు సార్?" మా ఇంటామె అన్నాను. "టీచరమ్మనా?" కాదన్నాను. "ఏడుంటది?" లేదు, అన్నాను, ఏప్రిల్ల పోయింది. అతను పుస్తకం మూశాడు. మూసిన తీరు చూశాను, బొటనవేలితో అట్ట చింపు దగ్గర నొక్కి, తడి తగలకుండా, ఆమె మూసేటట్టే. కట్ట తానే ముడివేశాడు. పెట్టె బస్సులో పెట్టడానికి ఒక చెయ్యి వేశాడు కూడా. మెట్టు దగ్గర నెమ్మదిగా అడిగాడు, "సార్, ఆ సిపాయి ఇంటికి పోయిండా? బీడీ ఆయన?" నేను చదవలేదన్నాను. నమ్మనట్టు చూశాడు. "ఇంట్ల ఉండంగ చదవలేదా? తిరిగొచ్చేటప్పుడన్న చూసి చెప్పుండ్రి."

బస్సు కదిలింది. మూత ఒడి మీదికి తెరిచి పెట్టుకున్నాను, ఎవరు చూస్తే ఏం. ప్రతి పుస్తకంలో. ప్రతి బుడగలో. అన్నం మెతుకులతో అతికించింది, కొన్నిచోట్ల మెతుకు ఎండి గరుగ్గా తగులుతోంది. ఆ ముక్కలు ఎక్కడివో చూడగానే తెలిసింది, నోటు పుస్తకాల అంచులు, ఎర్ర గీత అవతల పిల్లలు రాయకుండా వదిలే భాగం. మిల్లుకు పట్టుకుపోయే ముందు కత్తిరించి దాచుకుందన్నమాట. కొన్నిటి చివర నా ఎర్ర టిక్కు తోక ఇంకా ఉంది. సిపాయిలందరూ బావా బావా అని పిలుచుకుంటున్నారు, ఎవరూ గెలవడం లేదు, మనవాళ్ళు ఎవరో చివరిదాకా చెప్పనేలేదు. రక్తం తాగేవాడొకడు కిటికీలోంచి వంగి, "అకా, నీళ కుండ మీద మూత పెటుకోండి, పురుగు పడతది" అంటున్నాడు. ఒక అస్థిపంజరం మందు కోసం చీటీ పట్టుకొని దవాఖానా అడుగుతోంది. చీటీ. ఆ చీటీ మీద ఎర్ర రంగుతో మూడు అంకె వేసి ఉంది, రంగు పెన్సిలుతో. నవ్వొచ్చింది నాకు. నవ్వు వస్తే ఎక్కడ ఆగుతుందో తెలియక నోటికి రుమాలు పెట్టుకున్నాను, కోళ్ళవాడు జలుబా సార్ అన్నాడు, అవునన్నాను. దుమ్ముగూడెం ఎప్పుడు దాటామో చూడలేదు. కల్వర్టులు దాటిపోతున్నాయి, ఒక్కదాన్నీ అడగలేదు. దయ్యాల కట్టలో అన్నిటికంటే అడుగున అట్ట లేని పుస్తకం, ఎక్కువ నలిగింది అదే. భార్యను పాతిపెట్టినవాడి కథ. చివరి పేజీలో సమాధి మట్టి తోసుకుని ఆమె లేస్తోంది, జుట్టు నిండా వేళ్ళు, సగం ముఖం లేదు. అతను పార పట్టుకొని వెనక్కి పడుతున్నాడు. ఆమె నోటి పక్కన: "ఏమయా, అనం తినవా? పొయి మీద పెటి వచిన." అతని నోటి పక్కన ముక్క అతికించి ఉంది. ఏమీ రాయలేదు. ఖాళీ.

తినవా. ఒత్తు పెడితే తిన్నవా. తరగతిలో చెబుతాను, ఒత్తు పోతే అర్థం మారుతుంది, జాగ్రత్త అని. తిన్నవా అంటే అయిపోయినదాన్ని అడగడం. తినవా అంటే ఇంకా కాలేదు, ఇంకా వండింది వండినట్టు ఉంది.

భద్రాచలం బస్టాండులో మురళీకృష్ణ గొడుగుతో కిటికీ దగ్గరికే వచ్చాడు, నలభై ఐదేళ్ళుంటాయి, చంకలో కొత్త అట్టపెట్టె. "నమస్కారం మాస్టారూ! జాగ్రత్తగా వచ్చాయా అవి?" నేను ఒకటి తెరిచి చూపించాను. ముందు ముఖం వాడిపోయింది, తరవాత తేరుకున్నాడు, మంచివాడు. "పర్లేదండీ. ఆవిరి చూపిస్తే ఊడొచ్చేస్తాయి, కింద అచ్చుకేమీ కాదు. నేను చాలావాటికి చేశాను. ఒక్క అక్షరం మిగలదు మాస్టారూ, నాదే పూచీ." ఒక్క అక్షరం మిగలదు. సాయం చేస్తున్నాననే అనుకుంటున్నాడు. నేను పుస్తకం మూస్తుంటే తానే అన్నాడు, "మీ ఆవిడగారిని ఒకసారి యార్డులో అడిగానండీ, పదేళ్ళ కిందట. ఇవ్వనన్నారు. చదవడం అయిపోయాక ఇస్తారా అన్నా. కాలేదు, ఇంకొకరు కూడా చదవాలె అన్నారు." ఎవరని ఆయన అడిగాడో లేదో చెప్పలేదు. నేను ఇవ్వడం లేదని చెప్పాను. క్షమించమన్నాను. ఫోన్లో రాతలు లేవని చెప్పింది అబద్ధం కాదు, తెలియక చెప్పానన్నాను. ఆయన గొడుగు మడిచి, ఒక్కటి, చదువుకోవడానికి, ఇక్కడే నిలబడి, అన్నాడు. ఇచ్చాను. బీడీ సిపాయిది కాదు, అది నేను ముందు చదవాలి.

"సార్, దిగుతలేరా?" సమ్మయ్య వచ్చాడు. ఇదే బండి మళ్ళా చర్ల పోతదా అని అడిగాను. "నాలుగింటికి. పెట్టె దించాల్నా?" ఉండనీ అన్నాను, పెన్సిలు ఉందా నీ దగ్గర? చెవి వెనక నుంచి తీసి ఇచ్చాడు. "జేబుల పెన్నుంది గద సార్." ఉంది, అన్నాను. అది ఎర్రది.

అట్ట లేని పుస్తకం మోకాలి మీద పెట్టుకున్నాను. బస్సు నిలిచే ఉంది, అయినా రెండుసార్లు మొన ఎత్తాను. ముక్క చిన్నది, పెద్ద మాట పట్టదు. పార పట్టుకున్నవాడి నోటి పక్కన, గుండ్రంగా రాశాను: తినలే.

ఆ మాటకు ఒత్తు అక్కర్లేదు.